పాట వినబడింది, లోపలికి వెళ్ళలేదు



ధ్యానం కొరకు వాక్యభాగం: లూకా 15:25–32. దయచేసి ముందు ఆ భాగం చదువుకొని తర్వాత ఇది చదవండి.

పోయిన నెల స్త్రీల కూటం అయిపోయినాక ముగ్గురు తల్లులు మందిరం అరుగు మీద నన్ను ఆపారు. ముగ్గురిదీ ఒకటే మాట. "అయ్యగారూ, మా పిలగాండ్లు పొద్దస్తమానం చెవుల్ల గవి పెట్టుకొనే ఉంటున్నరు. పిలిస్తే పలుకరు. ఏం పాటలో ఏమో, ఒక్క ముక్క సమజ్ కాదు. పైసలు జమ చేసుకొని హైదరాబాద్‌ల పాటల ప్రోగ్రాములకు కూడ పోతున్నరు. ఈ ఆదివారం జర గట్టిగ చెప్పండ్రి, సినిమా పాటలు ఇనుడు పాపమని."

వాళ్ళ బాధ నాకు అర్థమైంది. కానీ సరే అని వెంటనే అనలేకపోయాను. ఎందుకంటే ఆ మాట నేను ఒకసారి గట్టిగానే చెప్పాను. చెప్పి ఒక బిడ్డను పోగొట్టుకున్నంత పని చేశాను. అతని అనుమతి తీసుకొని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. పేరు రాయను. మనలో చాలామందికి ఆ ఆదివారం గుర్తుంది.

రెండేళ్ళ కిందటి మాట. మన యవ్వనస్థులలో ఒక తమ్ముడు, ఆరాధనలో ప్యాడ్ వాయించేవాడు, పెండ్లిళ్ళలో క్యాటరింగ్ పనికి పోయి కూడబెట్టిన డబ్బులతో టికెట్ కొనుక్కొని ఒక శనివారం గచ్చిబౌలిలో సినిమా పాటల కచేరీకి వెళ్ళాడు. శనివారం సాయంత్రం మనకు ఉపవాస కూటం. అతను రాలేదు. ఎక్కడికి పోయాడో అతని స్నేహితుని స్టేటస్‌లో చూసి ఎవరో నాకు చూపించారు. మరుసటి ఆదివారం ఉదయం ఆరాధన మొదలైనాక వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతికి కచేరీ వాళ్ళు కట్టిన కాగితపు పట్టీ ఇంకా ఉంది. నేను వాక్యం చెబుతున్నాను. చూసి ఆగలేకపోయాను. రాత్రంతా లోకపు పాటకు ఎగిరి పొద్దున దేవుని సన్నిధిలో కునుకు తీయడానికి వచ్చేవాళ్ళు కొందరున్నారు అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. అతను లేచాడు, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు, వెళ్ళిపోయాడు.

నాకు తర్వాత అతని తల్లి చెప్పింది. కచేరీ అయిపోయేసరికి బాగా రాత్రయిందట. ఉప్పల్ చేరేసరికి మన వైపు బస్సులు లేవు. రోడ్డు మీదనే కూర్చొని తెల్లవారుజామున వరంగల్ బస్సు ఎక్కాడు. రఘునాథపల్లిలో దిగి ఇంటికి కూడా పోకుండా, ముఖం కూడా కడుక్కోకుండా నేరుగా మందిరానికి వచ్చాడు. ఎందుకంటే ఆ వారం ప్యాడ్ వాయించే వంతు అతనిది. దేవుని పని తప్పిపోతుందని పరుగెత్తుకొని వచ్చిన బిడ్డను నేను దేవుని ఇంట్లో నుండి పంపించాను.

ఆ ప్యాడ్ మీద బట్ట కప్పి చాలా నెలలు అలాగే ఉండిపోయింది.

ప్రియులారా, లూకా 15లో చిన్న కుమారుని గురించి మనం ఎన్నోసార్లు ధ్యానించాం. పెద్ద కుమారుని గురించి ధ్యానించినప్పుడు కూడా అతని కోపం దగ్గరే ఆగిపోతాం. ఆ కోపానికి ముందు జరిగిన చిన్న సంగతి చూడండి. అతను పొలం నుండి వస్తున్నాడు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి అతని చెవిన పడిన మొదటి శబ్దం పాట, నాట్యం. అప్పుడు ఏం చేశాడు? లోపలికి వెళ్ళి చూడలేదు. బయటే నిలబడి ఒక పనివాణ్ణి పిలిచి అదేమిటని అడిగాడు. తన ఇంటి పాటను గురించి, తన తమ్ముని గురించి పరాయి నోటి నుండి విన్నాడు. అక్కడి నుండే కోపం పుట్టింది. నేనూ అదే చేశాను. పిల్లవాడు ఏం వింటున్నాడని వాణ్ణి అడగలేదు. ఎవరో చూపించిన స్టేటస్ చూసి తీర్పు చెప్పాను. ఆ ముగ్గురు తల్లులు కూడా నన్ను ఆ పనివాణ్ణి చేయబోయారు, తెలియక.

వాళ్ళ ఇంటికి వెళ్ళడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. సేవకునికి కూడా గర్వం ఉంటుంది, దాచి లాభం లేదు. ఒక సాయంత్రం వెళ్ళాను. అతను నులక మంచం మీద కూర్చొని ఫోన్‌లో ఏదో వింటున్నాడు. క్షమించమని అడిగాను. "పర్లేదు అయ్యగారూ" అన్నాడు గానీ ముఖం అటే తిప్పుకున్నాడు. ఇక ఏం మాట్లాడాలో తోచక, "ఏం వింటున్నవు బిడ్డా, నాకు కూడ ఒకటి వినిపియ్యి" అన్నాను. ఒక చెవిది తీసి నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం నేను గంటన్నర సేపు విన్నాను. ఇరవై ఏళ్ళ పరిచర్యలో ఒక యవ్వనస్థుని మాట అంతసేపు మధ్యలో ఆపకుండా వినడం నాకు అదే మొదటిసారి.

అతని కథ ఇది. చిన్నప్పుడు క్రిస్మస్ నెలలో ఇంటింటికీ తిరిగి పాడిన పాటలు. ఆ తర్వాత అమ్మ ఫోన్‌లో హోసన్నా వారి పాటలు. ఏటా గుడారాల పండుగకు కొత్త పాటలు వస్తే ఇంట్లో ముందుగా నేర్చుకునేది తనే. ఎనిమిదో తరగతిలో ఊళ్ళో పెండ్లి బరాతుల డీజే. ఆ దెబ్బ గుండెల్లో కొడుతుంటే అసలు ఆ శబ్దం ఎలా పుడుతుందో తెలుసుకోవాలనిపించింది. అక్కడి నుండి యూట్యూబ్‌లో మన తెలంగాణ జానపదాలు. జనగామలో ఇంటర్ చదివేటప్పుడు పక్క బెంచీ స్నేహితుడు ఇచ్చిన తమిళ పాటలు, ఆ తర్వాత ఇంగ్లీషు ర్యాప్. మాటలు అర్థం కాకపోయినా వరస పట్టుకునేవాడు. పాత ఇళయరాజా పాటలు ఒక రీల్‌లో పదిహేను సెకన్లు విని, మొత్తం పాట వెతుక్కొని, ఆ రాత్రి నిద్రపోలేదట.

నేను "మరి ఆ కచేరీల ఏమున్నది బిడ్డా?" అని అడిగాను. అతను చెప్పిన జవాబు నేను ఊహించింది కాదు.

"అయ్యగారూ, అక్కడ స్టేజి మీద చానమంది ఉన్నరు. గిటార్లు, డ్రమ్ములు, వయొలిన్లు, పాడేటోళ్ళు. అందరు ఒక్కసారి ఆగిండ్రు. ఒక్క సెకను. వేలమంది జనం ఉన్న కాడ సూది పడితే వినబడేటట్టు. మన మందిరంల మనం వాయించుడు నేర్చుకున్నం, ఆగుడు నేర్చుకోలే."

నాకు నోట మాట రాలేదు. నేను సైతాను కోట అనుకున్న చోటికి వెళ్ళి, ఆ పిల్లవాడు మన ఆరాధనకు ఏం తక్కువో తెలుసుకొని వచ్చాడు. ఆ మాట మనకు చెప్పడానికే ఆ ఉదయం పరుగెత్తుకొని వచ్చాడేమో. చెప్పనివ్వలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. పెద్దలలో కొందరికి నచ్చకపోవచ్చు. అయినా చెబుతాను.

మొదటిది, రుచి అనేది పాపం కాదు, అది ఒక ప్రయాణం. మన నాలుక చిన్నప్పుడు తీపినే కోరుతుంది, కాకరకాయ పెద్దయ్యాక తెలుస్తుంది. చెవి కూడా అంతే. మన సంగతి మనం మరచిపోయాం. నా సంగతే చెబుతాను. నా చెవిన పడిన మొదటి సంగీతం ఒగ్గుడోలు. ఈ జనగామ నేల మీద పుట్టి ఆ చప్పుడు విననివాడు ఎవడు? మన లింగాల ఘనపూర్ మండలం మాణిక్యాపురం నుండే గదా చుక్క సత్తయ్య గారు లేచి, ఒగ్గుకథను దేశమంతా తీసుకెళ్ళి సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నది. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. మా తాత డప్పు కొట్టేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక ఆ డప్పును గుంజకు తగిలించాడు, మళ్ళీ ముట్టలేదు. పండుగకూ చావుకూ పిలిచి కొట్టించుకొని, కూర్చోమని అనని ఊరికి ఇక కొట్టను అన్నాడట. అది అతని విడుదల, నేను గౌరవిస్తాను. కానీ ఆ డప్పు దేవుని కొరకు కూడా మోగలేదే అని ఇప్పటికీ నాకు బాధ.

ఆ తర్వాత మా ఊళ్ళో తెర కట్టి కరుణామయుడు సినిమా వేశారు. 1978లో వచ్చిన సినిమా అది, మా ఊరికి చేరేసరికి చాలా ఏళ్ళయింది. ప్రభువు సిలువ మోసుకుపోయే చోట వచ్చే పాటకు మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆ పాట రాసింది మోదుకూరి జాన్సన్ గారు, పాడింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు. ఇద్దరూ సినిమా పరిశ్రమలో పనిచేసినవాళ్ళే. ఆ రోజు ఎవరూ, ఇది సినిమా పాట, వినకూడదు అనలేదు. ఆ తర్వాత క్యాసెట్లు. మా మామ ఇంట్లో హెబ్రోను సీయోను గీతాలు. ఏ.ఆర్. స్టీవెన్‌సన్ గారి పాటలు వచ్చినప్పుడు మా పాత అయ్యగారు, ఇవి మరీ సినిమా పాటల లాగ ఉన్నాయని మందలించారు. ఇప్పుడు అవే పాటలు మన పెద్దలకు పాత మంచి పాటలు. ఇంకో ఇరవై ఏళ్ళకు ఈ పిల్లలు తమ పిల్లలను ఏ పాట కొరకు మందలిస్తారో!

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. మన దొరలు మిషనరీలుగా వచ్చినప్పుడు వాళ్ళ దేశపు రాగాలకే తెలుగు మాటలు కట్టి పాడించిన పాటలు చాలా ఉన్నాయి. వాటి పక్కనే పురుషోత్తమ చౌదరి గారి వంటివాళ్ళు మన రాగాలలో కీర్తనలు రాశారు. బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకొని, తాను చిన్ననాటి నుండి విన్న సంగీతాన్నే ప్రభువు పాదాల దగ్గర పెట్టారు. తన చెవిని మార్చుకొని రమ్మని ప్రభువు ఆయనను అడగలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి చూడండి, చాలా పాటల పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. మనం వాటిని చదవకుండానే కింద మాటలు పాడేస్తున్నాం.

ఆ మంచం మీద ఆ తమ్ముడు నన్ను అడిగిన మరో ప్రశ్న అదే. "అయ్యగారూ, ఈ సినిమా పాట మోహన రాగమని ఒకాయన వీడియోల చెప్పిండు. మన కీర్తనల పుస్తకంల గూడ పైన మోహన అని ఉన్నది. రెండు ఒకటేనా?" నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పాను. అతనే వెతికి, ఫోన్‌లో ఒక వేణువు వినిపించి, తర్వాత అదే స్వరాలలో మన కీర్తన తీసి చూపించాడు. ఎన్నో ఏళ్ళుగా నేను ఈడ్చి ఈడ్చి పాడుతున్న కీర్తనకు అసలు నడక ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. చూశారా, సినిమా పాట వెంబడి వెళ్ళిన పిల్లవాడు తిరిగి కీర్తనల పుస్తకం దగ్గరికే వచ్చాడు. ఆ దారి నేను చూపించింది కాదు. నేను ఆ దారి మూసినవాణ్ణి.

రెండవది, పాట ఎక్కడ నుండి వచ్చిందనే దానికన్నా ఎటు తీసుకెళ్తున్నదనేది ముఖ్యం. అమెరికాలో థామస్ డోర్సీ అని ఒకాయన ఉండేవాడు. తండ్రి బాప్టిస్టు బోధకుడు. కొడుకు మాత్రం బ్లూస్ అనే నల్లవారి లోకసంగీతానికి పియానో వాయించి పేరు తెచ్చుకున్నాడు. ఆ పద్ధతిలోనే దేవుని పాటలు కట్టితే మొదట్లో చాలా సంఘాలు మా మందిరంలో ఈ చప్పుడు వద్దన్నాయి. 1932లో ఆయన వేరే ఊళ్ళో పరిచర్యలో ఉండగా ప్రసవంలో భార్య చనిపోయిందని కబురు వచ్చింది, పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖంలో ప్రభువా నా చెయ్యి పట్టుకొని నడిపించమని ఆయన రాసిన పాట 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో పాడారు. ఏ రుచిని సంఘం గుమ్మం బయట ఆపిందో ఆ రుచే తర్వాత లక్షల మంది కన్నీళ్ళు తుడిచింది. 1 సమూయేలు 16లో దావీదు సితారా సంగతి కూడా జ్ఞాపకం చేసుకోండి. ఆ వేళ్ళు గొఱ్ఱెల మందల దగ్గర నేర్చుకున్నవి, దేవాలయంలో కాదు.

ఇక్కడ ఒక్క మాట. నేను అన్ని పాటలూ మంచివే అనడం లేదు. అలా అంటే కాపరి పని మానేసినట్టే. ఫిలిప్పీయులకు 4:8 మనకు ఒక జల్లెడ ఇచ్చింది. ఆడపిల్లను సరుకుగా చూపే పాట, సీసాను దేవునిగా మొక్కే పాట, కత్తి పట్టినవాణ్ణి మొనగాడని పొగిడే పాట, ఒక కులాన్ని ఇంకో కులం మీదికి ఉసిగొల్పే పాట మన బిడ్డల నోట వస్తుంటే మౌనంగా ఉండలేం. 2024 నవంబర్‌లో హైదరాబాద్‌లో దిల్జీత్ దోసాంజ్ కచేరీకి ముందు ప్రభుత్వ అధికారులే మద్యాన్ని, మత్తుమందులను, హింసను పొగిడే పాటలు పాడవద్దని నోటీసు ఇచ్చారు. లోకం కూడా ఆ ప్రమాదం గుర్తించింది. అయితే నోటీసు వేదిక దాకే వెళ్తుంది. పిల్లవాని చెవి దాకా వెళ్ళాలంటే పక్కన కూర్చునేవాళ్ళు కావాలి. 1 థెస్సలొనీకయులకు 5:21లో పౌలు అన్నిటినీ పరీక్షించమన్నాడు. వినకుండా పరీక్షించడం ఎలా? మనం వినం, పిల్లలకు జల్లెడ పట్టడం నేర్పం, ఊరికే వద్దంటాం. అప్పుడు జల్లెడ ఎవరి చేతిలోకి పోతుంది? యూట్యూబ్ చేతిలోకి. అది మనం చూసిన దానిని బట్టి, ఎంతసేపు చూశామన్న దానిని బట్టి తర్వాతది ముందు పెడుతుంది. దానికి మన బిడ్డ ఆత్మ సంగతి తెలియదు. కన్ను తిప్పకుండా ఉంటే చాలు దానికి.

మూడవది, కచేరీ సంగతి. ఈ మధ్య హైదరాబాద్‌లో పెద్ద పెద్ద కచేరీలు పెరిగాయి. 2024 అక్టోబర్‌లో గచ్చిబౌలిలో దేవిశ్రీ ప్రసాద్, 2025 ఫిబ్రవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్. మన ఊరి పిల్లలు కూడా ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కి వెళ్తున్నారు. వేలమంది మధ్యలో నిలబడి ఒకే పాటను ఒకే గొంతుగా పాడితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అది ఆ పిల్లలు కల్పించుకున్నది కాదు. మనిషిని దేవుడే అలా చేశాడు. నిర్గమకాండం 15లో సముద్రం దాటిన జనం అందరూ కలిసి పాడారు, మిర్యాము తంబుర తీసుకుంది. అయితే అదే పుస్తకం 32లో దూడ చుట్టూ కూడా అదే జనం పాడారు. ఆ చప్పుడు దూరం నుండి విని యెహోషువ అది యుద్ధధ్వని అనుకున్నాడు. గొంతులు అవే, గుండెల్లో పులకింత అదే. కాబట్టి ఒళ్ళు గగుర్పొడిచినంత మాత్రాన దేవుడు దిగివచ్చాడని కాదు, సైతాను దిగివచ్చాడనీ కాదు. ఎవరి చుట్టూ పాడుతున్నాం అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న మన క్రైస్తవ సభలకు కూడా వర్తిస్తుంది. ఇది చెబితే కొందరు సహ సేవకులు నొచ్చుకుంటారేమో. ఇప్పుడు మన సభల్లోనూ లైట్లు, పొగ, పెద్ద తెరలు వచ్చాయి. గాయకుడు వేదిక ఎక్కగానే ఫోన్లు లేస్తాయి. ఫలానా అన్న వస్తేనే పోతాం, లేకపోతే పోము అనే మాట నేను మన సంఘంలోనే విన్నాను. సినిమా కచేరీకి పోయినవాడు కనీసం నేను పాటలకు పోయాను అని నిజం చెబుతాడు. మనం పాటలకు పోయి ఆరాధనకు పోయాం అంటాం. ఆమోసు 5:23 చదవండి. దేవుడు తన జనుల పాటల చప్పుడే తన దగ్గర నుండి తీసివేయమన్నాడు. బబులోను పాటల గురించి కాదు, తన మందిరపు పాటల గురించి. న్యాయం లేని చోట స్వరం ఎంత శ్రావ్యంగా ఉన్నా ఆయన చెవికి గోల. కూలి డబ్బులు ఎగ్గొట్టినవాడు ఆదివారం ముందు వరుసలో చేతులెత్తి పాడుతుంటే ఆ పాట ఏ రాగమైతే ఏం?

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ భయం అబద్ధం కాదు. పిల్లవాడు చెవులు మూసుకొని తన లోకంలో ఉంటే ఇల్లు ఖాళీగా అనిపిస్తుంది. టికెట్ డబ్బు చూస్తే పత్తి ఏరిన రోజులు లెక్కకు వస్తాయి. ఆ లెక్క పిల్లలకు చెప్పండి, అది వాళ్ళకు తెలియాలి. కానీ ఫోన్ గుంజుకునే ముందు ఒక్క పని చేయండి. ఈ వారం ఒక రాత్రి అన్నం తిన్నాక, "నీకు మస్తు ఇష్టమైన పాట ఒకటి వినిపియ్యి బిడ్డా" అని అడగండి. మొత్తం వినండి. మధ్యలో వ్యాఖ్యానం వద్దు. అయిపోయినాక, ఇందులో నీకు ఏం నచ్చింది అని అడగండి. ఆ తర్వాత మీ పాట ఒకటి మీరు వినిపించండి. మీ నాన్న పొలం కాడ పాడింది, మీ అమ్మ నాట్లేసేటప్పుడు పాడింది, మీరు రక్షింపబడిన రోజు మందిరంలో విన్నది. పిల్లలకు మన పాటలు నచ్చకపోవడానికి ఒక కారణం, ఆ పాట మన బ్రతుకులో ఏ రోజున వచ్చిందో మనం చెప్పకపోవడం.

యవ్వనస్థులారా, మీకూ ఒక మాట. మీ చెవి మీదే, నిజమే. కానీ ఫోన్ ముందు పెట్టిందల్లా మింగకండి. పదిహేను సెకన్ల ముక్క విని పాట విన్నాం అనుకోకండి. భోజనం వాసన చూసి కడుపు నిండిందనుకోవడం లాంటిది అది. మీకు నచ్చిన పాట ఎవరు రాశారో తెలుసుకోండి. భూపాలపల్లి జిల్లా చల్లగరిగ నుండి వెళ్ళిన చంద్రబోస్ గారు రాసిన పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది. బడి చదువు లేని అందెశ్రీ గారు రాసిన పాట 2024లో మన రాష్ట్ర గీతం అయింది. మన మట్టిలో మాటకు కొదువ లేదు. ఆ మాట ప్రభువు కొరకు రాసేవాళ్ళు మీలో లేచేదాకా నేను ప్రార్థిస్తాను. ఇంకొకటి, ఏ పాట విన్న తర్వాత మీరు అమ్మతో మెత్తగా మాట్లాడుతున్నారు, ఏ పాట విన్న తర్వాత విసుక్కుంటున్నారు, ఒక వారం గమనించండి. నా ప్రసంగం కన్నా అది మీకు ఎక్కువ నేర్పుతుంది.

సంఘ పెద్దలతో మాట్లాడి ఒక నిర్ణయం తీసుకున్నాం. ప్రతి నెలా చివరి శనివారం ఉపవాస కూటం తర్వాత ఒక గంట పాటల గంట. ఒక పెద్ద, ఒక యవ్వనస్థుడు, చెరొక పాట తెస్తారు. పెద్దలు కీర్తనల పుస్తకం నుండి నేర్పాలి, పిల్లలు తాము కొత్తగా కనుగొన్నది వినిపించాలి. అది దేవుని పాటే కానక్కరలేదు, కానీ అమ్మ ముందు, చెల్లె ముందు వినిపించగలిగింది కావాలి. జల్లెడ అక్కడే మొదలవుతుంది. డప్పు సంగతి కూడా చర్చకు వచ్చింది. ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. వాళ్ళ గాయం నాకు తెలుసు కాబట్టి ఒత్తిడి చేయడం లేదు. దాని కొరకు ప్రార్థన చేయండి.

ఆ తమ్ముని సంగతి ముగించాలి. అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. అతను గురువారం ప్రాక్టీసుకు వస్తున్నాడు. మన పిల్లలకు ఆగడం నేర్పుతున్నాడు. పోయిన నెల బల్లారాధనలో రొట్టె విరిచే ముందు వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోయినప్పుడు, ఆ నిశ్శబ్దంలో ఒక ముసలమ్మ గట్టిగా స్తోత్రం అన్నది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నిశ్శబ్దం అతను తెచ్చింది, గచ్చిబౌలి నుండి. కానీ ఆదివారం ఇంకా గుమ్మం దగ్గరే కూర్చుంటున్నాడు, చెప్పులు అందేటట్టు. వాక్యం మొదలవగానే నా వైపు చూడడు.

తమ్మీ, నువ్వు ఇది చదువుతావని తెలుసు. మీ ఇంట్లో నేను అడిగిన క్షమాపణ సరిపోదు. అందరి ముందు అన్న మాటకు అందరి ముందే అడగాలి. ఆ ఆదివారం నేను అన్నది తప్పు. నీ మీద కోపంతో అన్నాను, దేవుని మాట అన్నట్టు అన్నాను. అదే ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించు. ఈ ఆదివారం మందిరంలో కూడా ఇదే మాట నోటితో చెబుతాను. నువ్వు ఎక్కడ కూర్చున్నా సరే.

లూకా 15లో పెద్ద కుమారుడు లోపలికి వెళ్ళాడో లేదో ప్రభువు చెప్పలేదు. తండ్రి బయటికి వచ్చి బ్రతిమాలాడు అన్నంత వరకే చెప్పాడు. లోపల పాట ఇంకా వినబడుతూనే ఉంది. బయట నిలబడిన పెద్దలం మనమే అయితే, తండ్రి మన చెయ్యి పట్టుకొని ఉన్నాడని మరచిపోవద్దు.

ప్రార్థన: మా తండ్రీ, పాటను పుట్టించినవాడవు నీవే. మా పిల్లల చెవులను నీ చేతుల్లో పెడుతున్నాం. వాళ్ళు వినే ప్రతి స్వరంలో నీ స్వరాన్ని గుర్తుపట్టే తెలివి వాళ్ళకు ఇవ్వు. తీర్పు తీర్చే ముందు వినే ఓపిక మాకు ఇవ్వు. మా మాటల వలన గుమ్మం దాటిపోయిన బిడ్డలను తిరిగి తీసుకొని రా. వాళ్ళు వచ్చినప్పుడు మేము బయట నిలబడకుండా నీతో కూడ లోపల పాడేటట్టు మమ్మును మార్చు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సంఘకాపరి, రఘునాథపల్లి